సిమ్లా యాపిల్ వెనకున్న మనిషి గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఖమ్మం, మా నాన్న టైం నుంచీ పళ్ళ షాపే మాకు ఆధారం. ఆగస్టు రాగానే సిమ్లా యాపిల్ దిగింది, రేటు ఇంత అని పేపర్లలో వార్త వస్తది, మంచిదే. కానీ ఆ చెట్టుని ఆ కొండల్లో ఊరూరా పాతించిన శామ్యూల్ స్టోక్స్ అనే మనిషి గురించి ఒక్క ముక్క నాకు ఎక్కడా కనపడలేదు, అందుకే రాస్తున్నా.

చిన్నప్పుడు నాన్న చెక్క పెట్టె మేకులు పీకి మూత తీస్తే లోపల హిందీ పేపర్ ముక్కల్లో చుట్టిన కాయలు ఉండేవి, ఆ వాసనకి షాపంతా నిండిపోయేది. ఈ కాయ ఏ ఊర్లో కాస్తదో చూడాలని అప్పట్నుంచీ కోరిక, పోయిన సెప్టెంబర్లో తీరింది. సిమ్లా నుంచి నార్కండా మీదుగా ఎనభై కిలోమీటర్లు పోతే థానేదార్ అని చిన్న ఊరు, ఆ పక్కనే కోట్‌గఢ్. అక్కడ ఎవర్ని కదిలించినా స్టోక్స్ పేరే, తమ ఇంటి పెద్ద గురించి చెప్పినట్టే చెప్తారు.

శామ్యూల్ స్టోక్స్ 1882లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు, కలిగిన కుటుంబం. 1904లో, 22 ఏళ్ళు నిండకుండానే, ఇల్లు వదిలి వచ్చి సిమ్లా కొండల్లో సబాతూ దగ్గర కుష్ఠు రోగులకి సేవ చేశాడు. తర్వాత కోట్‌గఢ్ వైపు స్థిరపడి 1912లో ఆ ఊరి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు, ఇక అక్కడే ఉండిపోయాడు. అంతకుముందు ఇంగ్లీషు వాళ్ళు కులూలో యాపిల్ వేశారు కానీ ఆ కాయలు పులుపు, ఈయన 1916లో అమెరికా నుంచి రెడ్ డెలిషియస్ అనే తియ్య రకం మొక్కలు తెప్పించి పెట్టాడు. తన తోట ఒక్కటే బాగుపడితే చాలనుకోలేదు, చుట్టుపక్కల రైతులకి మొక్కలిచ్చి, ఎలా పెంచాలో దగ్గరుండి నేర్పించాడు. ఈ రోజు ఆ కొండల్లో ఇళ్ళు, చదువులు అన్నీ ఈ చెట్టు మీదే నడుస్తున్నాయి.

నన్ను బాగా పట్టేసింది మాత్రం యాపిల్ కాదండి, బేగార్. అంటే మన వెట్టి చాకిరీనే. ఇంగ్లీషు దొరలు కొండల్లో తిరుగుతుంటే వాళ్ళ సామాన్లు ఊరి రైతులు మోయాలి, పొలంలో పంట కోతకొచ్చినా సరే వదిలేసి పోవాల్సిందే. స్టోక్స్ తెల్లవాడై ఉండి కూడా రైతుల పక్కన నిలబడి కొట్లాడాడు, 1921లో ఆ కొండల్లో బేగార్ ఆగింది. మన దగ్గర వెట్టి మీద గొంతెత్తిన ఆంధ్ర జనసంఘం పుట్టింది కూడా అదే 1921లో, హైదరాబాద్‌లో. మా తాత కూడా దొర గడీలో వెట్టి చేసినోడే, ఇంట్లో ఆ మాటలు విని పెరిగినోణ్ణి, అందుకే అక్కడ ఆ కథ వింటుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినయి.

అదే ఏడాది డిసెంబర్లో గాంధీ గారి ఉద్యమంలో ఉన్నందుకు స్టోక్స్‌ని జైల్లో పెట్టారు, ఆరు నెలలు. ఖద్దరే కట్టేవాడు. తార అని ఒక కొడుకు చిన్నతనంలోనే చనిపోతే ఆ పేరుతోనే ఊరి పిల్లలకి స్కూల్ పెట్టాడు, కడుపుకోత దిగమింగి పదిమంది పిల్లలకి అక్షరం చెప్పించడం అంటే మామూలు విషయమా! 1932లో హిందూ మతం తీసుకుని సత్యానంద్ అయ్యాడు, ఊర్లో ఒక గుడి కట్టించాడు, లోపల చెక్క మీద భగవద్గీత, ఉపనిషత్తుల శ్లోకాలు చెక్కి ఉన్నాయి, నేను వేలితో తడిమి చూశా, అక్షరాలు ఇంకా చెక్కు చెదరలేదు. 1946 మేలో కన్నుమూశాడు, స్వాతంత్ర్యం చూడకుండానే, ఇంకో ఏడాదిన్నర ఉంటే చూసేవాడు కదా అనిపిస్తది.

నేను అడిగేది ఒకటే సార్. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 16, సరిగ్గా సిమ్లా కాయ మా షాపులకి దిగే రోజులు. ఆ రోజు మీ పిల్లల పేజీలో ఆయన గురించి ఫొటోతో అర పేజీ వెయ్యండి, బేగార్ సంగతి మాత్రం వదలొద్దు. ఆ పేజీ కత్తిరించి లామినేషన్ చేయించి యాపిల్ పెట్టెల పైన గోడకి తగిలిస్తా, కొనడానికొచ్చే పిల్లలకి చదివి నేనే చెప్తా.

ఇట్లు,
ఒక పళ్ళ వ్యాపారి, ఖమ్మం