పిల్లల చేతికి బటన్ల ఫోను చాలు

సంపాదకుల వారికి నమస్కారం.

బడులు తెరిచే జూన్ నెలలో మా నరసన్నపేట, టెక్కలి, పలాస బజార్లలో పుస్తకాల కొట్ల తర్వాత అంత రద్దీగా కనిపించేవి సెల్‌ఫోన్ దుకాణాలే. వచ్చేవారిలో హైదరాబాద్, విజయవాడలకు భవన నిర్మాణ పనులకో, గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకో వలస వెళ్తూ పిల్లలను మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో వదిలే తల్లిదండ్రులు ఎందరో ఉంటారు. రోజూ బిడ్డ గొంతు వినాలన్న వారి ఆరాటంలో తప్పేమీ లేదు. అయితే దుకాణంలో ఆ ఆరాటానికి దొరుకుతున్న జవాబు ఒక్కటే, వాయిదాల మీద ఇచ్చే టచ్ ఫోను. ఐదో తరగతి, ఆరో తరగతి పిల్లలు అమ్మానాన్నలతో మాట్లాడుకోవడానికి బటన్ల ఫోను సరిపోతుందని, దానివల్ల ఇంటి గుట్టు కూడా చాలావరకు ఇంట్లోనే ఉంటుందని వారికి చెప్పేవారు లేరు.

మా వీధిలో ఒక అమ్మాయికి తండ్రి పంపిన కొత్త ఫోనును ఇటీవల నేనే దగ్గరుండి చూశాను. దుకాణంలోనే ఖాతా తెరిచి ఇచ్చారు. అందులో ఆ ఆరో తరగతి పిల్ల పుట్టిన సంవత్సరం పెద్దవాళ్ల వయసు వచ్చేలా నమోదై ఉంది. కంపెనీ ముందే ఎక్కించిన ఆటలు, షాపింగ్ యాప్‌లు తెర నిండా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని తీసేయడానికి వీలే లేదు, పని చేయకుండా ఆపగలమంతే. బొమ్మలకు రంగులు వేసే ఒక ఆట తెరవగానే లొకేషన్, మైకు, కాంటాక్టులు కావాలంది. రంగులు వేసుకోవడానికి పిల్ల ఏ ఊళ్లో ఉందో దానికెందుకు? ఆ కాంటాక్టుల్లో తండ్రి పనిచేసే చోటి మేస్త్రీ నంబరు, మామ్మ నంబరు, ఊరి ఆశా కార్యకర్త నంబరు ఉన్నాయి. పిల్ల ఒక్కసారి ‘అనుమతించు’ అని నొక్కితే వాళ్లందరి వివరాలూ వాళ్లను అడగకుండానే బయటికి పోవచ్చు.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చి చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలని, పిల్లల కదలికలను వెంటాడి గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడం సాధారణంగా కుదరదని చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి కానీ, కంపెనీల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. పైగా ఖాతాలో వయసే తప్పుగా పడితే, ఎంత మంచి చట్టమైనా ఆ పిల్లను పిల్లగా గుర్తించలేదు. కాబట్టి చట్టం కోసం ఎదురుచూడకుండా ఇంట్లో మనం చేయగలిగిన పని ఫోను ఎంపిక దగ్గరే ఉంది.

కొనేటప్పుడు ముందుగా చూడవలసింది నెట్‌వర్క్. జియోకు పాత తరం 2జీ నెట్‌వర్క్ లేదు గనుక అటక మీది పాత సెట్టులో ఆ సిమ్ పనిచేయదు. 4జీ కాల్స్ తీసుకునే బటన్ల ఫోను అడగాలి. 2023లో జియోభారత్ 999 రూపాయలకే వచ్చింది, అయితే అందులో ఆ కంపెనీ సిమ్ మాత్రమే పనిచేస్తుంది. బటన్లు ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. ఈ మధ్య వస్తున్న కొన్ని 4జీ బటన్ల ఫోన్లలో వీడియోలు, ఇంటర్నెట్ కూడా ఉంటున్నాయి కాబట్టి మెనూ మొత్తం తెరిపించి చూడాలి. 2017 జనవరి 1 నుంచి అమ్మే బటన్ల ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉండాలన్నది కేంద్రం నిబంధన. కొనబోయే సెట్టులో అది ఏ అంకెకు ఉందో అడిగి పిల్లలకు నేర్పాలి. సిమ్ ఉన్న ఏ ఫోనైనా ఏ టవర్ కింద ఉందో, ఎవరితో మాట్లాడిందో సిమ్ కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. అది బటన్ల ఫోనుతో పోయేది కాదు. కానీ ఆటలూ ప్రకటనలూ చేసే దోపిడీ మాత్రం చాలావరకు ఆగుతుంది.

రీచార్జి సంగతి చాలామందికి తెలియదు. డేటా అక్కర్లేనివారి కోసం మాటలు, ఎస్ఎమ్ఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్‌లు ఇచ్చి తీరాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధనలు తెచ్చింది, వాటి గడువు 365 రోజుల వరకు ఉండవచ్చని కూడా చెప్పింది. 2025 జనవరిలో కంపెనీలు అలాంటివి తెచ్చాయి. అయినా మా ప్రాంతపు దుకాణాల బోర్డుల మీద అవి కనిపించవు. అడిగితే ‘డేటా లేకుండా ఎవరు వేయించుకుంటారండీ’ అంటారు.

బిడ్డ ముఖం చూడాలి కదా అని తల్లులు అడుగుతారు. నిజమే, గొంతు ఒక్కటే సరిపోని రోజులుంటాయి. అందుకూ, వాట్సాప్‌లో అందే ‘మన మిత్ర’ వంటి ప్రభుత్వ సేవలకూ ఇంట్లో పెద్దల పేర ఒక టచ్ ఫోను ఉండనివ్వండి. అది పెద్దల తాళంతో, నలుగురూ కూర్చునే చోట ఉండాలి. బ్యాంకు ఓటీపీలు వచ్చే ఆ ఫోనును అన్నం తినిపించడానికో, ఏడుపు మాన్పించడానికో పిల్లల చేతికి ఇవ్వకూడదు.

అన్నిటికంటే నన్ను బాధిస్తున్నది బడుల తీరు. హోంవర్కు, ఫీజు కబురు, సెలవు ప్రకటన, అన్నీ వాట్సాప్ గ్రూపులోనే వస్తున్నప్పుడు ఏ మామ్మ అయినా మనవరాలికి టచ్ ఫోను కొనివ్వక ఏం చేస్తుంది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యాశాఖాధికారులు ఈ విద్యా సంవత్సరం నుంచే ప్రైవేటు, ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ ఒక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. ఎనిమిదో తరగతి వరకు హోంవర్కు డైరీలోనే రాయించాలి, అత్యవసర సమాచారం మామూలు ఎస్ఎమ్ఎస్‌గా పంపాలి. డేటా లేని ప్లాన్‌ల ధరలను తెలుగులో పెద్ద అక్షరాలతో దుకాణాల ముందు రాసి పెట్టేలా టెలికాం కంపెనీలు తమ డీలర్లకు చెప్పాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా