ముట్టుకోకుండా గెలిచాంరా

ఒరేయ్ బుచ్చీ,

ముందు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం ఎప్పుడో వచ్చింది, జవాబు రాయలేదు, క్షమించరా. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం... సరేలే. ఇంట్లో అందరూ బాగున్నారు. చెల్లి పరీక్షలు బాగా రాసింది. నాన్న మోకాలి నొప్పి తగ్గింది, నిన్ను అడిగానని చెప్పమన్నారు. నాకు రాత్రి షిఫ్టు పోయింది. వార్తలు అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. మన ఫోన్ ఆట, మార్వెల్ వీరుల కాంటెస్ట్ ఆఫ్ ఛాంపియన్స్‌లో మ్యాజిక్‌ని పడగొట్టాం! అవును, ఆ మ్యాజిక్కే. వార్‌లో, అంటే రెండు జట్ల పోరులో, బాస్ నోడ్ (చివరి గడి) మీద కూర్చుని మనందరినీ ఏడిపించిన ఆ ఇల్యానా, మ్యాజిక్ అసలు పేరు అదేగా. పడగొట్టింది నేను. ఎవరితోనో తెలుసా? క్వేక్‌తో. నువ్వు "పోట్లాడని పిల్ల" అని పేరు పెట్టి మూలన కూర్చోబెట్టావే, ఆ క్వేక్‌తోనే! పైగా మ్యాజిక్ ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా వేయలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. వరసగా చెప్తాను, లేకపోతే నేనే తికమకపడతాను.

నువ్వు వెళ్ళిపోయాక కూడా అలయన్స్, మన జట్టు, నడుస్తూనే ఉంది. ముప్ఫై మందిమీ ఉన్నాం, పదేసి మంది చొప్పున మూడు గ్రూపులు. మన గ్రూపులో ఇప్పటికీ తాతగారే పెద్ద. "వేళ్ళు వేడెక్కాయా నాయనా" అని అందర్నీ లేపేది ఇప్పటికీ ఆయనే. నీ జాగాలో ఒక కొత్త కుర్రాడు వచ్చాడు, మంచివాడే, కాకపోతే బ్లాక్ పట్టుకున్నాడంటే వదలడు. నీ "గోడకి మేకు" మాట వాడిని చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. వాడికి చెప్పలేదులే, బాధపడతాడు.

మొన్నటి వార్‌లో అవతలి వాళ్ళు గట్టివాళ్ళు. దాడికి ఉన్న ఇరవై నాలుగు గంటల్లో చాలా భాగం దారులు తెరవడానికే సరిపోయింది. తీసుకెళ్ళేది తలా ముగ్గురు పాత్రల్నే కదా, నా ముగ్గురిలో ఇద్దరు దారిలోనే పోయారు. మిగిలింది క్వేక్ ఒక్కతే. బాస్ దగ్గరికి మొదట తాతగారు వెళ్ళాడు. ఆయన ఆట నీకు తెలుసుగా, మీడియం, లైట్ లైట్ లైట్, మీడియం, ఆ అయిదు దెబ్బల వరస చేతిలో తాళంలా పలుకుతుంది. మ్యాజిక్ ప్రాణం సగానికి పైగా లాగేశాడు. అంతలో లింబో, పోయిన ప్రాణం తిరిగి తెచ్చుకునే ఆమె శక్తి! లాగిందంతా తిరిగి పైకి పాకింది. తర్వాత పోరాటంలో నిండుతూ పోయే ఆమె పవర్ మూడో గీత దాటింది, మూడో స్పెషల్, అన్నిటికన్నా పెద్ద దెబ్బ, వచ్చి పడింది. దానికి బ్లాకూ లేదు, తప్పుకోవడమూ లేదు, చూస్తూ కూర్చోవడమే. తాతగారు పోయాడు. తర్వాత కుర్రాడు వెళ్ళాడు, వాడూ పోయాడు. పోయిన ప్రతిసారీ మన పాయింట్లు తెగుతుంటే కాల్‌లో ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఆ లింబో మీద మనకెంత కోపమో గుర్తుందిగా. తెగ తిట్టుకునేవాళ్ళం. ఈ మధ్య ఆమె కథ మళ్ళీ తిరగేశాను. ఇల్యానా రస్పుతిన్, ఎక్స్-మెన్ వీరుడు కొలోసస్ చెల్లెలు, చిన్నపిల్లగా ఉన్నప్పుడే లింబో అనే మాయాలోకంలోకి లాక్కుపోతారు. ఇక్కడ కొన్ని క్షణాలే గడుస్తాయి, ఆమె మాత్రం అక్కడ ఏడేళ్ళు పెరిగి తిరిగొస్తుంది. అది 1982 నాటి కామిక్. అదే ఏడాది గ్రాండ్‌మాస్టర్ అనే పాత్ర మృత్యువుతో పందెం కాసి హీరోల్ని ఒకరి మీదికి ఒకరిని వదిలే మూడు సంచికల కథ కూడా వచ్చింది. మన ఆటకి పేరు అక్కడినుంచే వచ్చింది, కాంటెస్ట్ ఆఫ్ ఛాంపియన్స్ అని. ఆ కథలో గ్రాండ్‌మాస్టర్ ఆ పందెమంతా కాసేది కలెక్టర్ అనే ఇంకో పాత్రని బతికించుకోవడానికి. మన ఆటలోనేమో ఆ కలెక్టరే అందర్నీ పట్టుకొచ్చి కొట్టుకోమంటాడు! ఇది నాకు ఎంత నచ్చిందో చెప్పలేనురా. కాలంలోంచి జారిపోయి తిరిగొచ్చిన పిల్ల, ఆటలోనూ కాలాన్ని వెనక్కి తిప్పి పోయిన ప్రాణం తెచ్చుకుంటుంది. ఎవరో కామిక్ చదివినవాళ్ళే, ప్రేమతో కూర్చుని ఆ పాత్రని కట్టారు. అది తెలిశాక తిట్టబుద్ధి కాలేదు. ఓడించాలని మాత్రం ఇంకా గట్టిగా అనిపించింది.

క్వేక్ కూడా అంతే. డైసీ జాన్సన్ 2004లో వచ్చిన పాత్ర. ఆమె శక్తి ప్రకంపనలు. ఎదుటివాడిని ముట్టుకోవాల్సిన పనే లేదు. నువ్వేమో "చేతులు ఎత్తుకుని నిలబడుతుంది, కొట్టదు" అన్నావు. ఒరేయ్, కొట్టకపోవడమే ఆమె ఆట!

ఎలాగో విను. కుడివైపు వేలు నొక్కి పట్టుకుంటే హెవీ, అంటే పెద్ద గుద్దు, ఛార్జ్ అవుతుంది కదా. మిగతా వాళ్ళతో అయితే వదిలేస్తాం, గుద్దు పడుతుంది. క్వేక్‌తో వదలకూడదు. పట్టుకుని ఉన్నంతసేపూ అవతలివాడి మీద కంకషన్లు, అంటే బుర్ర అదిరే దెబ్బలు, పేరుకుంటూ పోతాయి. వాడు మీదికొచ్చి మామూలు దెబ్బ విసిరితే ఆమె దానంతటదే పక్కకి జారిపోతుంది. అప్పుడు ఎడమవైపు లాగి వెనక్కి దూకి, మళ్ళీ నొక్కి పట్టుకోవాలి. ఊగే ఊయల మన ముఖం దాకా వచ్చే క్షణాన ఒక అడుగు వెనక్కి వేసినట్టు ఉంటుంది, ఆ లయ దొరికిందంటే. పేరుకున్న కంకషన్లు తీరేటప్పుడు ఆఫ్టర్‌షాక్‌లు, వెనకొచ్చే ప్రకంపనలు, దఢదఢమని పడతాయి. ప్రాణం దానంతటదే కరిగిపోతుంటుంది. మనం కొడితే కదా అవతలివాడి పవర్ నిండేది? మనం కొట్టం. వాడి దెబ్బ మనకి తగలదు. ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోకుండానే పోరాటం జరిగిపోతుంది.

ఇంకొకటుంది, అదే తాళంచెవి. కంకషన్ ఒంటి మీదుంటే అవతలివాడి ప్రత్యేక శక్తులు పనిచేసే అవకాశం తగ్గుతుంది. అంటే లింబో కూడా తప్పిపోవచ్చు. పైగా పాత్రల తరగతుల్లో క్వేక్ సైన్స్, మ్యాజిక్ మిస్టిక్; సైన్స్ వాళ్ళకి మిస్టిక్ వాళ్ళ మీద పైచేయి ఉండనే ఉంది. అన్నీ కలిసి మ్యాజిక్ కోసమే పుట్టినట్టుంది క్వేక్. మనమే చూడలేదు... కాదు, ఎవరూ చూడలేదు. రాత్రి షిఫ్టు రోజుల్లో, విరామం దొరికినప్పుడల్లా, పాత క్వెస్టుల్లో బలహీనుల మీద ఈ లయే సాధన చేశాను. ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా.

సరే, వార్. టైమ్ అయిపోవస్తోంది. గ్రూపులో ప్రాణంతో ఉన్నది నా క్వేక్ ఒక్కతే, అది కూడా నిండు ప్రాణంతో కాదు. తాతగారు కాల్‌లో "పోతే పోనీ నాయనా, వెళ్ళు" అన్నాడు. ఆ గొంతు విన్నాక చేతులు చల్లబడ్డాయి. టెన్షన్ అంటే అది. ఫోన్ టేబుల్ మీద పెట్టాను, చేతిలో పట్టుకుంటే వణుకుతోంది మరి.

మొదలైంది. నొక్కాను. మొదటి కంకషన్. రెండోది. మ్యాజిక్ కత్తి ఎత్తి వచ్చింది, క్వేక్ జారింది, వెనక్కి లాగాను, మళ్ళీ నొక్కాను. మొదటి ఆఫ్టర్‌షాక్ పడగానే కుర్రాడు "ఏం జరుగుతోంది, నువ్వేం కొట్టలేదుగా!" అని అరిచాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడితే లయ పోతుంది. నువ్వు చెప్పిన బొటనవేలి సూత్రం ఉంది చూడు, సోఫా మీద గొడవపడి మరీ నేర్పించావే, అదే మనసులో తిప్పుకుంటూ ఉన్నాను. నొక్కు, చూడు, జారు. నొక్కు, చూడు, జారు.

ఒక చిక్కు. ఆ నోడ్ మీద బాస్‌కి పవర్ దానంతటదే పెరుగుతూ ఉంటుంది, మనం కొట్టకపోయినా. మొదటి గీత నిండింది, లింబో వచ్చే వేళ అదే. నా ఊపిరి ఆగింది. లింబో రాలేదు! కంకషన్ ఆపేసింది. కాల్‌లో పెద్ద కేక. అప్పుడు ఇంకో భయం, ఆమె స్పెషల్ వేయాలి కదా, వేయకుండా దాచుకుని మూడో గీత దాకా పోతే తాతగారికి పట్టిన గతే నాకూ. మామూలు దెబ్బలకైతే క్వేక్ జారుతుంది గానీ స్పెషల్‌ని మన వేలితోనే తప్పించాలి. కాస్త దూరం వెళ్ళి, ఊరించి, ఊరించి... రెండో గీత సగం దాకా వచ్చింది. వేయదు! ఆ క్షణాలు ఎలా గడిచాయో దేవుడికే తెలియాలి. చివరికి వేసింది, వెనక్కి లాగాను, కత్తి గాలిని కోసింది. తప్పింది.

మధ్యలో ఒకసారి లింబో వచ్చింది. అబద్ధం ఎందుకు, వచ్చింది. కంకషన్లు తీరిపోయి కొత్తవి పేరుకునే లోపు ఉండే చిన్న ఖాళీలో. ప్రాణం కొంత పైకి పాకింది. కుర్రాడు "అయిపోయింది" అన్నాడు. తాతగారు వాడిని "నోర్మూసుకో" అన్నాడు! తాతగారు! ఆయన నోట ఆ మాట నువ్వెప్పుడైనా విన్నావా?

నేను ఆగలేదు. మళ్ళీ మొదటినుంచి. నొక్కు, చూడు, జారు. పదిహేను శాతం. ఎనిమిది. నాలుగు. ఫైట్ గడియారం చివరికొచ్చింది. చివర్లో ఒక్క గుద్దు గుద్ది ముగిద్దామా అని వేలు లాగిందిరా, ఎంత లాగిందో. గుద్దలేదు. ఇంత దూరం ముట్టుకోకుండా వచ్చాక ముట్టుకోబుద్ధి కాలేదు. నొక్కి పట్టుకుని నిలబడ్డాను. ఆఫ్టర్‌షాక్ పడింది. ఇల్యానా మోకాళ్ళ మీద కూలింది.

కాసేపు ఎవరి గొంతూ రాలేదు. తర్వాత ఒకేసారి అందరూ. కుర్రాడు ఏడ్చేశాడు. నాకూ కళ్ళు తడిశాయి. చెల్లి తలుపు తీసి "ఏమైంది" అంటే "గెలిచాం" అని ఒక్క మాటే వచ్చింది.

నాకు ముందుగా నీకు చెప్పాలనిపించింది. నువ్వు ఎందుకు మానేశావో తెలుసు. క్రిస్టల్, ఏ పాత్ర వస్తుందో తెలియని ఆ లాటరీ పెట్టె, తిరుగుతుంటే "వచ్చింది, వచ్చింది, రాలేదు" అని నువ్వు పాడే పాట మొదట్లో నవ్వు తెప్పించేది, తర్వాత తర్వాత నీ ముఖం చూస్తే... ఆ రోజు సంగతి వద్దులే. ఉచితంగా ఆడనిచ్చి క్రిస్టళ్ళ దగ్గర ఆశ పెట్టే ఆటలన్నిటి మీదా నాకూ కోపమే. 2017 చివర్లో యాపిల్ వాళ్ళు, అలాంటి పెట్టెలు అమ్మితే ఏది ఎంత శాతం వస్తుందో ముందే చూపాలన్నారు, ఆ మాట నాకు నచ్చింది. 2018లో బెల్జియంలో అయితే అలాంటివాటిని జూదం కిందే లెక్కేశారు. అంత ఆలోచించాల్సిన విషయమే అది. నువ్వు పక్కకి తప్పుకోవడం సరైన పనే, నేను ఎప్పుడూ అలాగే అంటాను.

కానీ బుచ్చీ, క్వేక్ నాకు డబ్బు పెట్టి రాలేదు. అందరికీ వచ్చే షార్డులు (క్రిస్టల్ ముక్కలు) పోగేసి తెరిచిన క్రిస్టల్‌లో వచ్చింది. ర్యాంక్ పెంచడానికి కావాల్సిన క్యాటలిస్టులనే సామాను ఒక్కొక్కటే కూడబెట్టాను. ఆ రాత్రి గెలిపించింది వేలు. అలవాటు చేసుకున్న వేలు, ఎదురుచూసే ఓపిక. ఆ భాగాన్ని ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు. అందుకే ఈ ఆటని ఇంకా ప్రేమిస్తున్నాను. 2014 డిసెంబర్‌లో వచ్చిన ఆట, ఎన్నో మార్పులు చూసింది. 2017లో స్కార్లెట్ విచ్, డాక్టర్ స్ట్రేంజ్ పాత్రల బలం తగ్గించినప్పుడు ఎంత గోల జరిగిందో గుర్తుందిగా, అయినా ఇంకా నిలిచే ఉంది. రమ్మని బలవంతం చెయ్యను. కానీ ఒక్కసారి కాల్‌లోకి వచ్చి తాతగారితో మాట్లాడరా. "బుచ్చిగాడి సూత్రం పనిచేసింది" అని నేను చెప్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాడు బాగున్నాడా" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక...

నీ కొత్త ఉద్యోగం గురించి అసలు అడగనేలేదు! మీ మేనేజరు ఇంకా ఆ ఊదారంగు ఫైల్ మోసుకు తిరుగుతున్నాడా? నీ పాదం నొప్పి ఏమైంది? అన్నీ రాయి. ఆ రెండో విషయం గురించి కూడా రాయి, నేను ఎవరికీ చెప్పలేదు. ఇంకో సంగతి ఉంది, పోయిన వారం మన సంగీతం మాస్టారు కనిపించి, నువ్వనుకుని నన్నే పట్టుకుని ఏమన్నారంటే

ఒరేయ్, తాతగారు పిలుస్తున్నారు. కొత్త వార్‌కి డిఫెన్స్ పెట్టే గడువు ముగిసిపోతోంది, నా అయిదుగురినీ ఇంకా పెట్టలేదు. మాస్టారి సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ
చిన్నా