నర్సుల స్వీయ మూల్యాంకనానికి డ్యూటీలోనే సమయం ఇవ్వాలి

సంపాదకులు గారికి,

ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుల పదోన్నతిని సీనియారిటీ ఒక్కదానికే వదిలేయకుండా, వారు తమ పని గురించి స్వయంగా రాసే మూల్యాంకనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం మంచి పద్ధతే. ఉద్యోగంలో ఉండగా ఆ కాగితాలు చదివి పై అధికారులకు పంపే బాధ్యత నాపై ఉండేది. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడు అది నడుస్తున్న తీరు వల్ల నష్టపోతున్నది బాగా పనిచేసే నర్సులే.

నర్సు పనిలో ఎక్కువ భాగం కీడు జరగకుండా చూడటమే. పడక పుండు రాకపోతే, తప్పు మోతాదు రోగికి అందకముందే ఆగిపోతే, దానికి రికార్డు ఉండదు. అర్ధరాత్రి రోగి శ్వాస వేగం పెరగడాన్ని గమనించి డాక్టరును పిలిపిస్తే, కేస్ షీట్‌లో ప్రముఖంగా కనిపించేది మార్చిన చికిత్సే. ముందుగా పసిగట్టినది ఎవరో పదోన్నతి కమిటీకి తెలియాలంటే ఆ నర్సే రాయాలి.

తీరా ఆమె రాసేది ఏమిటి? 'అంకితభావంతో సేవలందించాను, బృందంతో కలిసి పనిచేశాను.' పాత ఫారాల నుంచి దించుకున్న మాటలివి. ఇది ఆమె బద్ధకం కాదు. ఎలా రాయాలో ఎవరూ నేర్పరు. గడువు దగ్గరపడ్డాకే ఫారం చేతికొస్తుంది. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లి, నిద్ర మానుకుని రాయాలి. పైగా వార్డులో పని అంతా నలుగురూ కలిసి చేసేదే కనుక తన వంతు ఇదీ అని చెప్పుకోవడానికి మనసొప్పదు. మాటకారితనం ఉన్నవారు ముందుకెళ్తారు, క్లిష్టమైన రోగులను నిలబెట్టినవారు అక్కడే ఉండిపోతారు.

'వార్డులో పడక పుండ్లు పెరుగుతున్నాయని గమనించాను. రోగులను రెండు గంటలకోసారి తిప్పే చార్టు పెట్టించాను, కొత్త నర్సులకు నేర్పాను, తర్వాతి నెలల్లో కొత్త పుండ్లు ఎన్ని తగ్గాయో లెక్క ఇది.' ఇలా రాస్తే వార్డు రిజిస్టరుతో సరిచూడవచ్చు. రోగి పేరు అవసరం లేదు. శిక్షణ సర్టిఫికెట్లు గుట్టగా జతచేయడం కంటే, ఆ శిక్షణ వల్ల వార్డులో ఏం మారిందో రెండు వాక్యాలు రాయడం మేలని నా అభిప్రాయం.

అమెరికాలో మాజీ సైనికుల ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుల గ్రేడు పెంపును నర్సులతో కూడిన ప్రమాణాల బోర్డు పరిశీలిస్తుంది. పై గ్రేడుకు వెళ్లేకొద్దీ తన పని ప్రభావం వార్డును దాటి విస్తరించిందని చూపాలి. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి నర్సులు మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు తమ పనిపై ఐదు ఆత్మపరిశీలనలు రాసి, వాటిని అదే వృత్తి రిజిస్టరులో ఉన్న మరొకరితో చర్చించాలి. అది పదోన్నతి కోసం కాదు గానీ, రాసినదాన్ని వృత్తి తెలిసినవారితో మాట్లాడించే ఆ ఏర్పాటు మనం తీసుకోదగినది.

ఆరోగ్యశాఖ అధికారులను కోరేది ఇదే. మూల్యాంకనం రాయడాన్ని డ్యూటీలో భాగం చేయండి, ఆ గంటల్లో వార్డుకు మరొకరిని వేయండి. ఏడాది పొడవునా నోట్సు రాసుకునే అలవాటును చేరిన నాటి నుంచే నేర్పండి. భాషకు కాక ఆధారాలకు మార్కులు వేయండి. పదోన్నతి నిరాకరిస్తే ఏ అంశంలో ఆధారం చాలలేదో లిఖితపూర్వకంగా తెలపండి. కారణం చెప్పకుండా తిప్పి పంపితే వచ్చే ఏడాదికి ఆ నర్సు ఏం సరిదిద్దుకోవాలి?

— ఒక విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్