మోటన్ ఫీల్డ్‌లో మన పిల్లలు

తల్లిదండ్రులకు నమస్కారం.

కిందటి శనివారం మన బడి పెద్ద తరగతుల పిల్లలను అలబామాలోని టస్కీగీకి తీసుకువెళ్లాం. అట్లాంటా నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నల్లజాతి యువకులు సైనిక పైలట్లుగా తొలిపాఠాలు నేర్చుకున్న మోటన్ ఫీల్డ్ అక్కడే ఉంది. ఇప్పుడది నేషనల్ పార్క్ సర్వీస్ సంరక్షణలో ఉంది, ప్రవేశం ఉచితం.

తెలుగు బడికీ ఈ చోటుకూ ఏమిటి సంబంధమని కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. 1965 వలస చట్టం రాకముందు భారతీయులకు ఈ దేశంలో స్థిరపడే కోటా ఏడాదికి నూరు మంది. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం దేశాన్ని కదిలించాకే ఆ తలుపు తెరుచుకుంది. మనం ఆ తలుపులోంచి వచ్చినవాళ్లం. తెరిచినవారెవరో మన పిల్లలకు తెలియాలి.

నల్లజాతివారికి ధైర్యం, తెలివి చాలవని 1925లో సైన్యపు వార్ కాలేజీ నివేదిక రాసింది. 1941లో టస్కీగీలో శిక్షణ మొదలైనప్పుడు కూడా ఆ మాటను నమ్మే అధికారులకు కొదవ లేదు. తొలి జట్టులో చేరినవారు 13 మంది. 1942 మార్చిలో పైలట్లుగా బయటికి వచ్చినవారు ఐదుగురు. వారిలో ఒకరైన బెంజమిన్ డేవిస్‌తో అంతకుముందు వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో నాలుగేళ్లూ తోటి విద్యార్థులు మాట్లాడలేదు. గదిలో ఒంటరి, భోజనాల బల్ల దగ్గరా ఒంటరే. ఇది చెప్పగానే అంతదాకా గుసగుసలాడుతున్న మన పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. ఆ డేవిసే తరువాత 332వ ఫైటర్ గ్రూపును నడిపించారు. విమానాల తోకలకు ఎర్రరంగు వేసుకున్న దళం అది.

విమానాలు నిలిపే హ్యాంగర్‌లో పిల్లలు ఎక్కువసేపు నిలబడింది స్టియర్‌మన్ అనే శిక్షణ విమానం దగ్గర. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటికి గుడ్డ తొడుగు, పైకప్పు లేకుండా ఒకరి వెనుక ఒకరికి రెండు సీట్లు. ‘వాన పడితే?’ అని ఒక పాప అడిగింది. పారాచూట్లు మడిచేవారి గురించి ఇంకా ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. టస్కీగీలో తయారైన పైలట్లు దాదాపు వెయ్యి మందయితే, మెకానిక్కులు, నర్సులు, పారాచూట్లు మడిచేవారు కలిపి నేల మీద పనిచేసినవారు అంతకు పది రెట్లకు పైనే. పైలట్ ప్రాణం ఆ మడతలో ఉంటుందని పిల్లలు తమంతట తామే పట్టుకున్నారు. నాకు చాలా సంతోషం వేసింది.

ఒక విషయం పిల్లలకు స్పష్టంగా చెప్పాను, మీకూ చెబుతున్నాను. డేవిస్ నడిపిన ఎర్రతోకల దళం కాపలాలో ఒక్క బాంబర్ విమానం కూడా కూలలేదని చాలాచోట్ల చదువుతాం. అది నిజం కాదు. సైనిక రికార్డులు వెతికిన చరిత్రకారులు 27 బాంబర్లు పోయాయని తేల్చారు. బాంబర్లకు కాపలాగా వెళ్లిన మిగతా దళాల సగటు నష్టం కన్నా అది బాగా తక్కువ. ఆ ఘనత చాలు, దానికి కల్పన జోడించనక్కరలేదు.

యుద్ధం ముగియకముందే, 1945 ఏప్రిల్‌లో, ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డ్ సైనిక స్థావరంలో ఆఫీసర్ల క్లబ్బును రంగును బట్టి విడదీసే ఉత్తర్వుపై సంతకం పెట్టనన్నందుకు 101 మంది నల్లజాతి అధికారులను నిర్బంధించారు. సైన్యంలో జాతి వేర్పాటును తొలగించే ఉత్తర్వుపై అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసింది 1948 జూలైలో.

మీకు రెండు విన్నపాలు. ఈ వారం పిల్లలు అరపేజీ తెలుగులో రాసి తేవాలి. అక్షరదోషాలు మేం దిద్దుతాం, మీరు రాసిపెట్టకండి. రెండోది కొంచెం కష్టమైనది. మన ఇళ్లలో ఒంటి రంగు గురించి, నల్లజాతి ఇరుగుపొరుగు గురించి తేలికగా దొర్లే మాటలున్నాయి. పిల్లలు ఇప్పుడు వాటిని వేరే చెవులతో వింటారు. ‘ఎందుకలా అన్నావు నాన్నా?’ అని అడిగితే కసురుకోకండి, కూర్చుని మాట్లాడండి.

రాలేకపోయిన కుటుంబాలు వేసవిలో ఊరి నుంచి వచ్చే అమ్మమ్మ తాతయ్యలతో వెళ్లిరావచ్చు. అలబామా గడియారం మనకన్నా గంట వెనుక ఉంటుంది, తెరిచే వేళ చూసుకుని బయలుదేరండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు