స్టార్మ్ స్థానంలో మరో స్టార్మ్

తిరుపతి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. నా సాన్ స్టార్మ్‌ను, అదే టాపు తీసి నడిపే ఆ రెండు సీట్ల కారును, బాగు చేయించే వీలు నిజంగానే లేదా అని ఒకటి, దాని స్థానంలో ఏం కొంటావని ఇంకొకటి, రెండు ప్రశ్నలు అడిగావు. ఫోనులో రెండు ముక్కలు చెప్పి ముగించడానికి మనసొప్పక, తీరిక చేసుకుని కూర్చుని రాస్తున్నాను. నువ్వు కంగారు పడకుండా ముందే చెబుతున్నాను, ప్రమాదం జరిగినప్పుడు బండిలో ఎవరూ లేరు. తిరుచానూరు రోడ్డులో పక్కకు తీసి నిలిపి ఉంచిన స్టార్మ్ మీదికి, ఇసుక దింపి వెనక్కి వస్తున్న టిప్పరు ఎక్కింది. అంత తక్కువ ఎత్తున్న బండి తనకు అద్దంలో కనిపించలేదని ఆ డ్రైవరు వణికిపోతూ చెప్పాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఆ బండిని అలా చూసినప్పుడు కలిగిన దుఃఖంలో కోపానికి చోటు లేకపోయింది.

బాగు చేయించే సంగతికి వస్తాను. స్టార్మ్ ఒళ్ళంతా ఫైబర్‌గ్లాస్ అని నీకు తెలుసు. పగిలినది డోరో, బంపరో మాత్రమే అయితే, గాజునార వస్త్రమూ రెసినూ వాడటం తెలిసిన మేస్త్రీ ఎవరైనా అతికించి, రుద్ది, రంగు వేసి ఇచ్చేవాడు. దెబ్బ అంతటితో ఆగలేదు. అడుగున ఉన్న ఉక్కు ఛాసిస్ ఎడమ పక్క వంగిపోయింది. గోవాలో ఆ కారును తయారు చేసిన సాన్ మోటార్స్ ఉత్పత్తి ఆపి ఏళ్ళు గడిచాయి కనుక, కొత్త ఛాసిస్ అడగడానికి గడప లేదు. వంగిన ఛాసిస్‌ను వేడిచేసి, లాగి, వెల్డింగు పెట్టి సరిచేస్తామన్నవారు రేణిగుంట రోడ్డులోనే దొరికారు. అలా సరిచేసిన బండిలో నీ చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని భాకరాపేట ఘాట్ దిగడానికి నా మనసు ఒప్పుకోలేదు.

బీమా కంపెనీ పంపిన సర్వేయర్ మర్యాదస్థుడు, పని తెలిసినవాడు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి రాసిన విలువలో, 75 శాతం దాటితే ఆ బండిని టోటల్ లాస్, అంటే పూర్తి నష్టం, కింద లెక్కకడతారు. మన బండి అంచనా ఆ గీతను సులువుగానే దాటింది. ఒకవేళ దాటకపోయినా మనకు ఒరిగేది పెద్దగా లేదు. పదేళ్ళు దాటిన బండికి లోహపు భాగాల ధరలో సగం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల్లో సగం, ఫైబర్‌గ్లాస్ భాగాల్లో 30 శాతం తరుగుదల కింద కోసేసి మిగతాదే చెల్లిస్తారు. అద్దాలకు మాత్రం కోత లేదు.

ఇక ఐడీవీ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నీ పాత ప్రీమియర్ పద్మిని కారుకు ఇది రేపు పనికివస్తుంది. కారుకు అయిదేళ్ళు నిండేదాకా తరుగుదలకు ఒక పట్టిక ఉంటుంది. నాలుగు దాటి అయిదేళ్ళలోపు బండికి సగం విలువ పోతుంది. అయిదేళ్ళు దాటినవాటికీ, తయారీ ఆగిపోయిన మోడళ్ళకూ ఆ పట్టిక వర్తించదు; కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. ఆన్‌లైనులో రెన్యువల్ చేసేటప్పుడు కనిపించే అంకె ఎవరూ మాట్లాడుకోకుండా దానంతట అది పడిపోతూ వచ్చే అంకె. నేను ఏటా రెన్యువల్‌కు ముందు బండి ఫొటోలు, చేయించిన పనుల బిల్లులు, అలాంటి బండ్లు బయట అమ్ముడుపోతున్న ధరల వివరాలు పట్టుకుని స్వయంగా ఆఫీసుకు వెళ్ళి, విలువ రాయించుకుని వచ్చేవాడిని. ప్రీమియం కొంత పెరిగేది. ఈ రోజు చేతికి వచ్చిన సొమ్ము గౌరవంగా ఉందంటే ఆ కాగితాల వల్లనే. వింటేజ్ బండ్లకు ముందుగా ఒప్పుకున్న విలువ మీద పాలసీ ఇచ్చే పద్ధతి మన మోటార్ టారిఫ్‌లో, అంటే బండ్ల బీమా నియమావళిలో, ఉంది కాని, అది 1940 ముగిసేలోగా తయారైనవాటికే. రిజిస్ట్రేషన్ విషయానికొస్తే, 2021లో కేంద్రం తెచ్చిన నియమాలు 50 ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజ్‌గా గుర్తిస్తాయి. నీ పద్మిని ఆ రెండింటికీ అందదు. కాబట్టి వచ్చే రెన్యువల్‌కు నువ్వు తప్పకుండా కాగితాలు పట్టుకుని స్వయంగా వెళ్ళు.

బండిని కంపెనీకి అప్పగించి మొత్తం సొమ్ము తీసుకోవచ్చు, లేదా సాల్వేజ్ విలువ, అంటే తుక్కుగా దానికి వచ్చే ధర, మినహాయించుకుని బండిని మనమే ఉంచుకోవచ్చు. నేను రెండోదాన్నే కోరుకున్నాను. ఇంజను, గేరుబాక్సు, ముందు అద్దం, టాపు ఫ్రేము, కుడివైపు డోరు చెక్కుచెదరలేదు. తుక్కు వ్యాపారికి అవి కిలోల లెక్క, మనకు ఎక్కడా దొరకని సామాను. ఆర్‌సీ రద్దుకు ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. బండి ఇక వాడకానికి పనికిరాదని తేలితే 14 రోజుల్లోగా తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోని 55వ సెక్షన్ చెబుతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు చేయి ఆడలేదు. ఆ బండిది ఏపీ 03, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చిన తరువాత అలాంటి నంబరు మళ్ళీ దొరకదు కదా.

నీ రెండో ప్రశ్న దగ్గరే నా మనసు ఎక్కువ కాలం తిరిగింది. ఆ డబ్బుకు మరికొంత కలిపి మంచి కారు తీసుకోమని అందరూ చెప్పారు. నువ్వు చెప్పిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐని స్నేహితుడి దగ్గర తీసుకుని మదనపల్లె రోడ్డులో నడిపి చూశాను. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 హార్స్‌పవర్, రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేరుబాక్సు. నిజంగా గొప్ప బండి. కాని దాని గొప్పతనం తెలియాలంటే మన రోడ్ల మీద వెళ్ళకూడనంత వేగంతో వెళ్ళాలి. తిరుమల ఘాట్ రోడ్డునే తీసుకో. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని నియమం. అంతకన్నా త్వరగా చేరితే జరిమానా. అటువంటి కొండ మీద వంద హార్స్‌పవర్ ఏం చేసుకోవాలి? 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులో, నెమ్మదిగా దిగుతూ, టాపు తీసి, ఒక్కో మలుపులో స్టీరింగు బరువు మారడం చేతికి తెలుస్తూ ఉంటే కలిగే ఆనందం స్టార్మ్‌లో 1149 సీసీల రెనో ఇంజనుతో, అరవై హార్స్‌పవర్‌తోనే దక్కేది. నేను పోగొట్టుకున్నది వేగం కాదు, నలభైలో వెళ్తున్నా నడుపుతున్నానన్న స్పృహ.

ఈ మాట మనసులో స్థిరపడ్డాక మిగతావి త్వరగానే తేలిపోయాయి. మాజ్దా ఎంఎక్స్-5 సరిగ్గా ఈ గుణం ఉన్న కారు, 1989 నుంచీ ప్రపంచమంతా మెచ్చుకున్న కారు, కాని మన దేశంలో దాన్ని అమ్మలేదు. మూడేళ్ళు దాటిన వాడిన కార్లను మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. ఫియట్ పాలియో 1.6 చేతికి బాగుంటుంది, అయితే నెత్తి మీద ఆకాశం ఉండదు. కనుక మరో స్టార్మ్‌నే వెతకాలని నిర్ణయించుకున్నాను. దీన్ని మొండితనం అనుకోవద్దు. పాతదాని ఇంజను, గేరుబాక్సు షెడ్డులో ఉన్నాయి కనుక, ఈ దేశంలో రెండో స్టార్మ్‌ను పోషించగల కొద్దిమందిలో నేనొకడిని.

కోయంబత్తూరులో ఒకటి దొరికింది. మనది పసుపు, ఇది ఎరుపు. ముందు పిట్‌పైకి ఎక్కించి ఛాసిస్ వెల్డింగులను టార్చితో వరసగా చూశాను. బయటి పొర ఎంత మెరిసినా అసలు ఆరోగ్యం అక్కడే తెలుస్తుంది. డోరు కీలు దగ్గర ఫైబర్‌లో సన్నని గీతలు ఉన్నాయి. అవి పై పొరకే పరిమితమా, లోపలికి దిగాయా అని వెనక నుంచి చేయి పెట్టి తడిమి చూశాను; పై పొరవే. కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తితే నీటి చారలు కనిపించాయి, అంటే టాపు రబ్బరు మార్చాలి. ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోయాయి. అప్పు లేదు, చలాన్లు లేవు. అమ్మే పెద్దాయన ధర దగ్గర బిగించలేదు. బండిని ఎవరు నడుపుతారు, ఎండలో నిలుపుతారా అని మాత్రం రెండు మూడు సార్లు అడిగారు.

తమిళనాడు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, రావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. క్లెయిమ్ తీసుకున్నందువల్ల క్లెయిమ్ లేని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, సున్నాకు పడిపోయింది, ప్రీమియం పూర్తిగా కట్టక తప్పదు. టిప్పరు పాలసీ మీద మిగతా నష్టానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్ళే విషయం వకీలు గారు చూస్తున్నారు. రంగు మార్చి పసుపు వేయిద్దామా అని నీ చెల్లెలిని అడిగితే, దాన్ని దాని రంగులోనే ఉండనివ్వండి అంది. నాకూ అదే సబబనిపించింది.

నీతో ఒక పని ఉంది. నీ పద్మినికి డోరు రబ్బర్లు కొలతలిచ్చి తయారు చేయించావు కదా, చెన్నైలోని ఆ పుదుపేట దుకాణం చిరునామా రాసి పంపు. ఎన్‌ఓసీ చేతికి రాగానే కోయంబత్తూరు నుంచి బండిని నడుపుకుంటూ తెద్దామనుకుంటున్నాను. సేలం దాకా రైలులో వచ్చి అక్కడ ఎక్కగలిగితే, సీటు నీ కోసం ఖాళీగా ఉంచుతాను. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు