ఎవరు వెళ్ళారో చెప్పని వెంట్

ఒరేయ్ బాబ్జీ,

ఎలా ఉన్నావురా, సఖినేటిపల్లిలో మేమంతా బాగానే ఉన్నాం, అమ్మ నిన్ను అడగని రోజు లేదు. మా అక్క కూతురు చిన్ని ఏడో క్లాసుకొచ్చింది కదా, సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్తున్నాను. మొన్న అది నోట్సులో "వెంట్ టు నర్సాపురం" అని రాస్తే బళ్ళో ఎర్రసిరాతో కొట్టేసి ఇచ్చారంట, ఎందుకు తప్పో ఒక్క ముక్క చెప్పలేదంట. ఏడుపుమొహంతో వచ్చి "వెళ్ళాను అనే కదా మామయ్యా రాశాను, ఎవరెళ్ళారో అందులోనే ఉంది కదా" అంది. చాలా బాధనిపించిందిరా, తెలుగు లెక్కన అది అన్నది నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

మనం మనిషిని క్రియ తోకలోనే కట్టేస్తాం, వెళ్ళాను అంటే నేను, వెళ్ళావు అంటే నువ్వు, వెళ్ళాడు అంటే వాడు, ఇంక వేరే చెప్పక్కర్లేదు. వెంట్‌కి ఆ తోక లేదు, ఐ వెంట్, యు వెంట్, హి వెంట్, దే వెంట్ అన్నీ ఒకటే, అందుకే ముందు ఐ అని విడిగా రాయాల్సిందే. పాత ఇంగ్లీషులో ఆ తోకలు ఉండేవిరా, నువ్వు వెళ్ళావు అనడానికి దౌ వెంటెస్ట్ అనేవాళ్ళు, పోనుపోను అరిగిపోయి ఇప్పుడు జరిగిపోయిన కాలంలో వాజ్, వర్ దగ్గర మాత్రం ఆ తేడా మిగిలింది. ఇదంతా చెప్తే చిన్ని తలూపింది గానీ ఎక్కలేదని మొహంలోనే తెలిసిపోయింది.

అదే రాత్రి అన్నాలు తింటుంటే అక్క ఫోన్ పెట్టేసి "వెళ్ళలేదంట" అంది, చిన్ని వెంటనే "ఎవరూ?" అంది. చెయ్యి కంచంలోనే ఆగిపోయిందిరా నాకు! నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, గోదారి దాటించే పంటు వెళ్ళలేదు, చూడు, మన తెలుగులో కూడా తోకలేని మాట ఉంది, అక్కడ మనం కూడా ఎవరూ అని అడగాల్సిందే. "చిన్నీ, వెంట్ కూడా వెళ్ళలేదు లాంటిదేనే" అన్నాను, అంతే, దాని కళ్ళు వెలిగాయి. ఆ దెబ్బతో డిడ్ నాట్ వెంట్ అనడం కూడా మానేసింది, ఎందుకంటే వెళ్ళాను లేదు అని మనం అనం కదా, జరిగిపోయిన కాలాన్ని లేదు మోస్తుంటే వెళ్ళ అన్నది బోసిగా ఉంటుంది, అక్కడ కూడా డిడ్ మోస్తుంటే గో బోసిగా ఉంటుంది.

తర్వాత టు, ఆన్, విత్. దీనికి నేనొక పద్ధతి పెట్టాను, నువ్వు కూడా మీ పిల్లల దగ్గర చేసి చూడు. "నిన్న అమ్మమ్మతో పంటు మీద నర్సాపురానికి వెళ్ళాను" అని పలక మీద రాయించి, చివర్నుంచి వెనక్కి చదవమన్నాను. వెళ్ళానులో ఉన్న ను ముందుకొచ్చి ఐ అయింది, తర్వాత వెంట్, నర్సాపురానికిలో కి ముందుకొచ్చి టు నర్సాపురం, మీద ముందుకొచ్చి ఆన్ ద పంటు, తో ముందుకొచ్చి విత్ అమ్మమ్మ, ఆఖర్న యెస్టర్డే. మొత్తం వాక్యం మడత విప్పినట్టు తిరగబడిందిరా! అన్ని వాక్యాలూ ఇంత బాగా తిరగబడవనుకో, కానీ పిల్లలకి మొదట ధైర్యం వస్తుంది. విత్ హి అని రాస్తే కూడా వాడుతో అంటామా, వాడితో అంటాం కదా అని అడిగాను, తనే హిమ్ అని దిద్దుకుంది.

ఇప్పుడు చెప్పాడు అన్న మాట దగ్గర ఆగాం. మనకి ఎప్పుడూ నాకు చెప్పాడు, నాతో చెప్పాడు అనే కదా, అందుకని ప్రతిసారీ టోల్డ్ టు మి అని రాస్తోంది. సెడ్‌కి టు కావాలి, టోల్డ్‌కి అక్కర్లేదు, టోల్డ్ మి అంటే చాలు. రీచ్డ్ కూడా అంతే, రీచ్డ్ టు నర్సాపురం అనకూడదు. వీటికి మాత్రం వెళ్ళలేదు లాంటి తాళంచెవి నాకింకా దొరకలేదురా, పదిసార్లు పలికించడమే చేస్తున్నాను. నీకేదన్నా తోస్తే వెంటనే రాయి, ఆదివారం లోపు అందితే మరీ మంచిది, సోమవారం దానికి పరీక్ష.

నీ
సత్తి