శనివారం కాదిజ్ వెళ్తున్నాం, పేర్లు ఇవ్వండి

సెవిల్‌లో ఉన్న మన వాళ్లందరికీ నమస్తే.

ఈ శనివారం పొద్దున 8 గంటలకల్లా సాంతా హుస్తా స్టేషన్‌లో కలుద్దాం. రైల్లో రెండు గంటలలోపే సముద్రతీర నగరం కాదిజ్, రాత్రికి తిరిగి ఇంటికి. ఆదివారం పెట్టుకోనిది ఎందుకంటే ఆ రోజు అక్కడి సెంట్రల్ మార్కెట్ మూసేస్తారు, చేపలు ఇష్టమైనవాళ్లు చూడాల్సిందే అది. మధ్యాహ్నం దాటితే కొట్లు కట్టేస్తారు కాబట్టి దిగగానే ముందు అక్కడికే.

తర్వాత ఊరంతా పైనుంచి కనిపించే తవీరా టవర్, ఆపైన లా కలేతా బీచ్. పాత ఊరంతా నడకే, స్టేషన్ పక్కనే మొదలవుతుంది. వెళ్లేటప్పుడు ప్రయాణం చివర్లో రైలు సన్నటి నేలపట్టీ మీదుగా ఊళ్లోకి వెళ్తుంది, దయచేసి అప్పుడు నిద్రపోకండి!

శాకాహారులు జాగ్రత్త: అక్కడ దొరికే తోర్తియితాస్ దె కమరోనెస్ అనే వేపుడు అట్లు చూడ్డానికి మన శనగపిండి అట్టులానే ఉంటాయి, కానీ పిండిలో చిన్న చిన్న రొయ్యలు కలుపుతారు. ఎవరైనా పులిహోర తెస్తే మహా సంతోషం.

తూర్పుగాలి లేచిందంటే బీచ్‌లో ఇసుక మొహాన కొడుతుంది, కళ్లజోడు, పల్చటి జాకెట్ తెచ్చుకోండి.

బుధవారం రాత్రిలోగా పేరు చెప్పండి, టికెట్లు ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. గుర్తింపు కార్డు మర్చిపోవద్దు.